కాటన్ ఇంటిపేరు మ్యాప్, ప్రాజెక్టు డైరీ: పత్తి కాదు, గుడిసెలు

ఎలా మొదలైంది, ఎంత ఉత్సాహంగా ఉన్నాను అనే సోది వదిలేస్తున్నా. ఒక్క ముక్క చాలు. మా పెదనాన్న గోదావరి కాలవ లాకుల దగ్గర లస్కర్‌గా (కాలవ నీళ్ళు చూసే ఉద్యోగం) చేసి రిటైర్ అయ్యారు. "దొరగారి తాతలు పత్తి బేరగాళ్ళు అయ్యుంటార్రా, లేకపోతే కాటన్ అని ఎందుకంటారు" అని చిన్నప్పట్నుంచీ చెప్పేవారు, నేనూ నమ్మేసా. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందని మా వైపు స్కూలు పిల్లాడైనా చెప్తాడు గానీ కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొర ఇంటిపేరుకి అర్థమేంటో ఎవడూ అడగడు. ఇంగ్లండులో ఆ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడికి పాకింది అన్నది మ్యాప్ వెయ్యడమే పని. వేరే ఇంటిపేరుతో ఎవరైనా చేసుకోవాలంటే నేను పడ్డ గోతుల్లో పడకుండా ఉంటారని రాస్తున్నా.

వాడినవి: పాత ల్యాప్‌టాప్ (8 జీబీ ర్యామ్, సరిపోయింది), క్యూజీఐఎస్ (మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్), లెక్కల షీట్లకి లిబ్రేఆఫీస్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్, ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. నోట్‌బుక్కే ఎక్కువ పనికొచ్చింది.

దశ 1: పేరు ఎక్కడిది

మొదటి తప్పు ఇక్కడే. ఇంగ్లీషు డిక్షనరీలో కాటన్ తీసి చూసా, అరబీ 'ఖుత్న్' నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చిందని ఉంది, రాసేసుకున్నా. అది బట్ట కథ, ఇంటిపేరుది కాదు. ఇంటిపేర్లకీ ఊరిపేర్లకీ వేరే నిఘంటువులు ఉంటాయి, వాటిలో చూడాలి. ఇది తెలియడానికే నాలుగు రోజులు పోయాయి.

అసలు సంగతేంటంటే పాత ఇంగ్లీషులో 'కోట్' అంటే గుడిసె, చిన్న ఇల్లు, ఇప్పటి కాటేజ్‌లో ఉన్నది అదే మాట. దానికి బహువచనం చేసి విభక్తి తగిలిస్తే 'కోటుమ్', అంటే 'గుడిసెల కాడ'. అలా పిలిచిన ఊళ్ళు తర్వాత కోటన్, కాటన్, కాటమ్, కోథమ్ అని రకరకాలుగా స్థిరపడ్డాయి. ఆ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఊరిపేరే ఇంటిపేరు అయింది.

ఇది చదవగానే పదో తరగతి తెలుగు పుస్తకం గుర్తొచ్చింది, ఇ, టి, తి అనేవి ఔపవిభక్తికాలు అని బట్టీపట్టాం కదా. వేటూరు వాళ్ళు వేటూరి, నండూరు వాళ్ళు నండూరి, కాటూరు వాళ్ళు కాటూరి. ఊరిపేరు ఉన్నదున్నట్టు కాకుండా విభక్తి చేరడానికి మారిన రూపం ఏదుందో అదే ఇంటిపేరుగా గడ్డకట్టుకుపోయింది. వాళ్ళదీ సేమ్ కేసు, కాకపోతే వాళ్ళ భాషలో ఆ విభక్తులు మొత్తం అరిగిపోయాయి కాబట్టి కాటన్ చివర ఉన్న 'అన్' ఒకప్పటి విభక్తి అని అక్కడ చాలామందికి తట్టదు. మనకి ఇంకా వాడుకలో ఉంది, నోట్లోనే ఉంది.

తర్వాత ఊళ్ళ జాబితా. నా షీట్‌లో ఎక్కినవి: కేంబ్రిడ్జ్ పక్కన కోటన్, వారిక్‌షైర్‌లో నన్‌ఈటన్ దగ్గర చిల్వర్స్ కోటన్, డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్, స్టాఫర్డ్‌షైర్‌లో కోటన్ ఇన్ ది క్లే, అదే కౌంటీలో (మన జిల్లా లాంటిది) కాటన్, చెషైర్‌లో చెస్టర్ దగ్గర కాటన్ ఎడ్మండ్స్, కాటన్ అబ్బట్స్, నార్తాంప్టన్‌లో ఫార్ కాటన్, ష్రూజ్‌బరీలో కోటన్ హిల్. సఫోక్‌లో కూడా కాటన్ అనే ఊరుంది, స్పెల్లింగ్ అచ్చు అదే, చూడగానే ఎక్కించేసా. మళ్ళీ తీసెయ్యాల్సొచ్చింది, ఎందుకంటే 1086 నాటి డోమ్స్‌డే పుస్తకంలో (రాజుగారు రాయించిన ఊళ్ళ, భూముల లెక్క) దాని స్పెల్లింగ్ మధ్యలో 'డ' ఉంది, అది కోడ్డ అనే మనిషి పేరు మీద వెలిసిన ఊరు. గుడిసెలతో సంబంధం లేదు. ఇప్పటి స్పెల్లింగ్ చూసి ఊరిని జాబితాలో ఎక్కించొద్దు, దొరికినంతలో పాత స్పెల్లింగే చూడండి.

లెక్క: కాటన్/కోటన్ ఊళ్ళు 10 − 1 = 9. అదే మాటకి వేరే రూపాలు (నాటింగ్‌హామ్‌షైర్, లాంకషైర్ కాటమ్‌లు, నాటింగ్‌హామ్‌షైర్ కోథమ్, యార్క్‌షైర్ కోటమ్) 4. మొత్తం 13. గంటలు 14.

దశ 2: ఊళ్ళు సముద్రంలో పడ్డాయి

13 ఊళ్ళకీ బ్రిటిష్ సర్వే గ్రిడ్ నంబర్లు దొరికాయి. క్యూజీఐఎస్‌లో పెడితే కొన్ని చుక్కలు అసలు కనపడలా, షీట్‌లో మిగిలిన ఖాళీ వరసలేమో ఆఫ్రికా పక్కన సున్నా-సున్నా దగ్గర సముద్రంలో తేలాయి. తప్పు నాదే, అవి మీటర్లలో ఉన్న నంబర్లు, నేను అక్షాంశ రేఖాంశాలని చెప్పి పెట్టా.

సరిచేసిన పద్ధతి:

1. గ్రిడ్ నంబర్ ముందుండే రెండక్షరాలు వంద కిలోమీటర్ల గడి. టీఎల్ అంటే తూర్పుకి 5, ఉత్తరానికి 2 గడులు. టీఎమ్ అంటే 6, 2. ఎస్‌కే అంటే 4, 3.
2. కేంబ్రిడ్జ్ పక్క కోటన్ టీఎల్ 40 58. అంటే తూర్పుకి 5,40,000, ఉత్తరానికి 2,58,000 మీటర్లు.
3. అది కిలోమీటర్ గడికి నైరుతి మూల. రెండిటికీ 500 కలిపితే గడి మధ్యకొస్తుంది.
4. క్యూజీఐఎస్‌లో ఆ చుక్కల పొరకి ఈపీఎస్‌జీ 27700 (మీటర్లలో ఉండే బ్రిటిష్ గ్రిడ్ కోడ్) అని చెప్పాలి, 4326 (అక్షాంశ రేఖాంశాల కోడ్) కాదు.
5. షీట్‌లో ఖాళీ వరసల్ని ఎక్కించే ముందే ఏరెయ్యాలి.

ఐదు నిమిషాల్లో అన్నీ నేల మీదకొచ్చాయి. చూస్తే ఎక్కువ భాగం ఇంగ్లండు నడుమ, మిడ్‌లాండ్స్‌లోనే ఉన్నాయి, ఒకటీ అరా ఉత్తరాన. దక్షిణాన నా చుక్క ఒక్కటీ లేదు.

లెక్క: గంటలు 14 + 6 = 20.

దశ 3: లాంకషైర్ ఎర్రబడింది

ఇక్కడ కొంచెం ఆగి రాస్తా, ఎందుకంటే ప్రాజెక్టు మొత్తం ఇక్కడే తప్పుదారి పట్టబోయింది.

జనాల లెక్క కోసం 1881 సెన్సస్ తీసుకున్నా. అది ఆ ఏడాది ఏప్రిల్ 3 రాత్రి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో రాసిన లెక్క. వాలంటీర్లు మొత్తం టైప్ చేసి పెట్టారు, ఇంటిపేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి. నేను దేశం మొత్తం తీసుకోలా, కొన్ని పారిష్‌లు (ఒక్కో చర్చి కింద ఉండే ఊరి విభాగాలు) ఎంచుకుని టెక్స్ట్‌గా దించుకున్నా. కాబట్టి కింద వచ్చే వరసల అంకెలు నా సాంపిల్‌వి మాత్రమే, ఇంగ్లండు లెక్కలని ఎక్కడా వాడకండి.

ఫైళ్ళన్నిట్లో కాటన్ అన్న మాట వెతికి వరసలు లాగా. 4,870 వచ్చాయి. మ్యాప్ వేస్తే లాంకషైర్ మిరపకాయ రంగులో, మిగతాదంతా తెల్లగా. ఆ సాయంత్రం పెదనాన్న టీ తాగుతూ స్క్రీన్ చూసి "అదేంట్రా అంత ఎర్రగా ఉంది" అన్నారు. "మాంచెస్టర్ వైపండి, నేత మిల్లులు ఉండేవి" అన్నా. "మరదే నేను మొత్తుకునేది! పత్తి!" అని గ్లాసు కింద పెట్టి నవ్వారు. నాకు నోట మాట రాలా. దశ 1లో అంత చదివి కూడా ఆ రాత్రి నోట్‌బుక్‌లో 'రెండు మూలాలు ఉండొచ్చేమో?' అని రాసుకున్నా, ఆ పేజీ ఇంకా ఉంది, చింపలేదు.

మర్నాడు ఆఫీసులో లంచ్ టైములో ఒక్కో వరసా కళ్ళతో చూస్తే అప్పుడు తెలిసింది. ఇంటిపేరు స్మిత్, వృత్తి కాటన్ వీవర్. ఇంటిపేరు టేలర్, వృత్తి కాటన్ స్పిన్నర్. తర్వాత కాటన్ మిల్ హ్యాండ్, కాటన్ వేస్ట్ డీలర్. నేను వెతికింది వరస మొత్తంలో, ఇంటిపేరు కాలమ్‌లో కాదు! ఓల్డమ్, బోల్టన్, ప్రెస్టన్, బ్లాక్‌బర్న్ మిల్లు కూలీలందర్నీ తీసుకొచ్చి కాటన్ దొర చుట్టాలుగా చేసేసా.

విడగొడితే:

1. వృత్తిలో మాత్రమే కాటన్: 4,112
2. ఇంటిపేరులో మాత్రమే: 706
3. రెండిట్లోనూ: 52 (కాటన్ ఇంటిపేరు వాళ్ళు కాటన్ మిల్లులో, వీళ్ళని చూసి నవ్వొచ్చింది)

ఉంచినవి 706 + 52 = 758. కొత్త మ్యాప్‌లో లాంకషైర్ ఎరుపు పోయింది. పెదనాన్నకి చూపిస్తే "అయితే నిన్న చూపించింది అబద్ధమా" అన్నారు. అబద్ధం కాదు పెదనాన్నా, వేరే ప్రశ్నకి జవాబు అది. ఆయన ఒప్పుకున్నట్టు లేదు.

మార్చింది: ఫైలు తెరవగానే ముందు కాలమ్స్ విడగొట్టడం, వెతకడం తర్వాత. పత్తి, బియ్యం, ఏ ఇంటిపేరైనా సరే, అది మామూలు మాట కూడా అయితే ఈ గొయ్యి మీ ముందూ ఉంటుంది. ఇంగ్లీషులో బేకర్, మిల్లర్, కుక్ అన్నీ ఇదే బాపతు.

లెక్క: వరసలు 758. గంటలు 20 + 31 = 51. ఆ 31లో ఇరవై పైన శుద్ధ దండగ.

దశ 4: లేని కౌంటీలు, హంట్స్-హాంట్స్

కౌంటీ హద్దుల ఫైలు ఇప్పటిది దించుకున్నా. అందులో హంటింగ్‌డన్‌షైర్ లేదు, 1974లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో కలిపేసారు. మిడిల్‌సెక్స్ కూడా లేదు, 1965లోనే పోయింది. ఉమ్మడి జిల్లాల లెక్క తీసుకొచ్చి కొత్త జిల్లాల మ్యాప్ మీద పోస్తే ఎలా ఉంటుందో మనకి ఈ మధ్యే అనుభవమే. హిస్టారిక్ కౌంటీ బోర్డర్స్ ప్రాజెక్ట్ వాళ్ళ పాత హద్దుల ఫైలు ఉచితంగా దొరికింది, దానితో సరిపోయింది.

ఇంకో తలనొప్పి, హంటింగ్‌డన్‌షైర్‌ని పొట్టిగా హంట్స్ అంటారు, హాంప్‌షైర్‌ని హాంట్స్ అంటారు. ఇంగ్లీషులో ఒక్కక్షరం తేడా. 23 వరసలు దేశం ఆ చివర నుంచి ఈ చివరకి మారిపోయాయి, ఒక్కొక్కటీ ఊరిపేరు చూసి చేత్తో దిద్దా.

తలల లెక్క అలాగే వేస్తే జనం ఎక్కువున్న కౌంటీలే ముదురు రంగులో వస్తాయి, అది ఇంటిపేరు మ్యాప్ కాదు, జనాభా మ్యాప్. లక్షకి ఎంతమంది అని వెయ్యాలి. ఉదాహరణకి రట్లాండ్‌లో 10 మంది ఉన్నారనుకుందాం, లాంకషైర్‌లోనూ 10 మందే అనుకుందాం. 1881లో రట్లాండ్ జనాభా 21,434, లాంకషైర్‌ది 34,54,441. లక్షకి లెక్కేస్తే రట్లాండ్ దాదాపు 47, లాంకషైర్ 0.3. అదే పది మంది! కానీ రట్లాండ్ లాంటి చిన్న కౌంటీలో ఒక్క పెద్ద కుటుంబం కాపురం మారినా రంగు మారిపోతుంది, కాబట్టి 5 కంటే తక్కువ తలలున్న కౌంటీకి నేను రంగు వెయ్యలా, గీతలు పెట్టా.

లెక్క: గంటలు 51 + 12 = 63.

దశ 5: సౌండెక్స్ మీద నమ్మకం పోయింది

పాత రికార్డుల్లో స్పెల్లింగ్ ఎవడికి తోచినట్టు వాడు రాస్తాడు. అందుకని సౌండెక్స్ వాడా, అది పేరుని శబ్దాన్ని బట్టి ఒక కోడ్ చేస్తుంది. కాటన్‌కి సీ350. ఆ కోడ్ ఉన్నవన్నీ లాగితే ఇంకో 1,340 వరసలొచ్చాయి. చూస్తే చాథమ్, చీథమ్, కౌడెన్, కాటన్ కాని క్యాటన్, అన్నీ సీ350 యే. అచ్చులు తీసేస్తుంది, హ తీసేస్తుంది, మ-న ఒకటే అంటుంది, ట-డ ఒకటే అంటుంది, ఇంక మిగిలేదేంటి.

చిరాకేంటంటే కాటమ్ కూడా సీ350. కాటమ్ నిజంగానే మన గుడిసెల కుటుంబం, చీథమ్ కాదు. సౌండెక్స్ దృష్టిలో రెండూ ఒకటే.

తీసి పారేసి, చేత్తో రాసుకున్న 11 స్పెల్లింగుల జాబితా పెట్టుకున్నా. 1,340లో 88 నిలిచాయి. కాటమ్, కోథమ్ వాళ్ళని వేరే కాలమ్‌లో ఉంచా, ఎందుకంటే మూలం ఒకటే అయినా ఇంటిపేరు వేరు, కలిపేస్తే రేపు విడదియ్యడం నా వల్ల కాదు.

లెక్క: 758 + 88 = 846. రెండుసార్లు పడ్డవి 19 తీస్తే 827. గంటలు 63 + 9 = 72.

దశ 6: నీరో కాటన్ ఎవరు?

పాత కాలానికి వెళ్దామని మధ్యయుగం పత్రాల సూచికలు వెతికా. ఇంటిపేరు కాటన్, పేరు నీరో. ఇంకొకడు విటెల్లియస్. ఇంకొకడు టైబీరియస్. అబ్బో, ఇంగ్లండు పల్లెటూరోళ్ళు పిల్లలకి రోమన్ చక్రవర్తుల పేర్లు పెట్టుకునేవాళ్ళా అని ఒక గంట ఆశ్చర్యపోయా.

మనుషులు కాదు, పుస్తకాలు. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) అని హంటింగ్‌డన్‌షైర్ ఆసామి, పాత రాతప్రతులు పోగేసేవాడు. ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలుండేవి, ఏ బీరువాలో ఉంటే ఆ పేరు ప్రతికి పడింది. లిండిస్‌ఫార్న్ సువార్తలు అనే పాత బైబిల్ ప్రతి పేరు కాటన్ నీరో డి-4. ఇంగ్లీషువాళ్ళ ఆదికావ్యం లాంటి బేవుల్ఫ్ ఉన్న ఒకే ఒక్క ప్రతి కాటన్ విటెల్లియస్ ఎ-15, అది 1731లో అగ్నిప్రమాదంలో అంచులు కాలి బయటపడింది. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నేను మాత్రం వాటిని స్టాఫర్డ్‌షైర్‌లో చుక్కలుగా పెట్టబోయా.

అమెరికా వైపు ఇంకో రకం. డెర్బీలో పుట్టి 1633లో మసాచుసెట్స్ వెళ్ళిన పాస్టర్ జాన్ కాటన్ కూతురి కొడుకు పేరు కాటన్ మేథర్. తాతగారి ఇంటిపేరు మనవడికి పేరైపోయింది. పేరు కాలమ్‌లో కాటన్ ఉన్నవి కూడా తీసేసా.

లెక్క: గంటలు 77.

దశ 7: ఉన్న ఊరా, పుట్టిన ఊరా

ఇప్పటిదాకా మనిషి సెన్సస్ రాత్రి ఎక్కడుంటే అక్కడ చుక్క పెట్టా. మన ఆర్థర్ కాటన్ గారు చివరి ఏళ్ళు సర్రేలో డోర్కింగ్‌లో గడిపి 1899లో అక్కడే పోయారు. ఆయన వంశం చెషైర్‌లో కంబర్‌మియర్ కాటన్ల శాఖ, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు 1539లో కంబర్‌మియర్ మఠం సర్ జార్జ్ కాటన్ చేతికొచ్చింది. వాళ్ళు అంతకుముందు పక్కనున్న ష్రాప్‌షైర్ వాళ్ళు. డోర్కింగ్‌లో చుక్క పెడితే ఈ కథంతా పోయినట్టే. కాబట్టి పుట్టిన ఊరు కాలమ్‌కి మారా.

మారితే కొత్త తంటా, కొందరికి పుట్టిన ఊరు 'ఈస్ట్ ఇండీస్', అంటే మన ఇండియా వైపు. ఈస్ట్ ఇండియా కంపెనీ నౌకరీలో ఉన్న కుటుంబాల పిల్లలు. 1904లో బొంబాయి కాంగ్రెస్ సభకి అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ అలాంటివాడే, కుంభకోణంలో 1845లో పుట్టాడు, గౌహతి కాటన్ కాలేజీ (ఇప్పుడు కాటన్ యూనివర్సిటీ) ఆయన పేరు మీదే. ఆర్థర్ గారి తమ్ముడో కొడుకో అనుకుని నేను ఒకే కొమ్మ మీద వేసేసా, కాదు, ఈయన కంపెనీ డైరెక్టర్ జోసెఫ్ కాటన్ మునిమనవడు. ఇంటిపేరొకటైతే చుట్టాలైపోరు, 9 ఊళ్ళలో 9 సార్లు విడివిడిగా పుట్టగలిగిన పేరిది. మనలో ఒకే ఇంటిపేరుతో మూడు కులాల వాళ్ళు ఉండటం చూసి కూడా ఈ తప్పు చేసానంటే సిగ్గుగా ఉంది.

ఈస్ట్ ఇండీస్ వాళ్ళు, ఊరు తేలనివాళ్ళు కలిపి 31 పక్కన పెట్టా. ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి, ఆర్థర్ గారి కూతురు ఎలిజబెత్ పెళ్ళయ్యాక లేడీ హోప్ అయింది, తండ్రి జీవితచరిత్ర రాసింది కూడా ఆ పేరుతోనే. ఇంటిపేరు మ్యాప్‌లో ఆవిడ లేదు. సగం జనం ఇలాగే జారిపోతారు, దానికి నా దగ్గర మందు లేదు.

కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కూతుర్ని ఒక ఆదివారం కోటన్ వెళ్ళి చూడమన్నా, ఊళ్ళోంచి సైకిల్ దారి ఉంది, మోటార్‌వే దాటితే వచ్చేస్తుంది. వీడియో కాల్ చేసి బోర్డు చూపించింది. "అన్నయ్యా, ఇక్కడ కాటన్ అంటే ఎవరికీ అర్థం కావట్లేదు, కోటన్ అనాలంట" అంది. చర్చి దగ్గర గేటు పక్క వరసలో సమాధి రాళ్ళు చదివింది, సగం నాచు పట్టేసి ఉన్నాయి, చదవగలిగినవాటిలో కాటన్ ఒక్కటీ లేదు. ముందు నీరసం వచ్చింది గానీ ఆలోచిస్తే అంతేగా, ఆ ఊళ్ళో ఉన్నవాడిని ఆ ఊరోడు అని ఎవడు పిలుస్తాడు, ఊరు వదిలి పక్కూరెళ్తేనే 'ఫలానా ఊరాయన' అవుతాడు. అందుకే చుక్క చుట్టూ 30 కిలోమీటర్ల వలయాలు గీసా, ఊరి మీద కాకుండా వలయంలో వెతకడానికి.

లెక్క: 827 − 31 = 796 వరసలు మ్యాప్ మీద. ఊళ్ళు 13. గంటలు 77 + 11 = 88. ఖర్చు: నోట్‌బుక్ 90, ఎ3 కలర్ ప్రింట్ 40, మొత్తం 130 రూపాయలు.

ఇప్పుడున్న స్థితి

ప్రింట్ తీసి పెదనాన్నకిచ్చా. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "మన దొరగారిది ఏదిరా ఇందులో" అన్నారు. చెషైర్-ష్రాప్‌షైర్ హద్దు మీద వేలు పెట్టి చూపించా. "గుడిసెల కాడ ఆయనా..." అని కాసేపు ఆగి, "మన లాకుల కాడ సుబ్బారావు లాగా" అన్నారు. అంతే, అచ్చు అదే.

ప్రింట్‌లో లేత పసుపూ తెలుపూ ఒకేలా పడ్డాయి, గీతలు పెట్టిన కౌంటీలు అసలు కనపడట్లా. రంగులు మార్చి వచ్చే వారం మళ్ళీ తీయించాలి, ఇంకో 40.